సముద్రాన్ని చదివేవారికి సొమ్ము ఎవరిస్తారు?

సముద్ర శాస్త్రమో పర్యావరణ శాస్త్రమో చదువుతున్నవారు సాధారణంగా తమ కోర్సు పేరుకు ‘స్కాలర్‌షిప్’ అన్న మాట తగిలించి వెతుకుతారు. చేతికొచ్చేది తక్కువే. ఈ చదువుల పేరు పెట్టుకుని ఇచ్చే స్కాలర్‌షిప్పులు మన దేశంలో అరుదు. అలాగని డబ్బు లేదనుకుంటే పొరపాటు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్ అంచనా వ్యయం 5 ఏళ్లకు 4,077 కోట్ల రూపాయలు. 2024 జనవరిలో ఆమోదం పొందిన, భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ పరిశోధనల ‘పృథ్వి’ పథకానిది 4,797 కోట్లు. ఇలాంటి నిధుల్లో కొంత భాగం ఫెలోషిప్పులుగా, ప్రాజెక్టు జీతాలుగా యువ పరిశోధకులకు చేరుతుంది. అయితే అది విద్యార్థి పేరు మీద విడుదల కాదు. ప్రాజెక్టు పేరు మీద, ఓడ పేరు మీద, లాబ్ పేరు మీద విడుదలవుతుంది. మరో రకం డబ్బు భూవిజ్ఞానం, మత్స్యశాస్త్రం, రిమోట్ సెన్సింగ్, వన్యప్రాణి సంరక్షణ లాంటి పేర్ల కింద ఉంటుంది. తన ప్రశ్నకు జవాబు ఎవరికి అవసరమో తెలుసుకుని ఆ తలుపు తట్టిన విద్యార్థికి దారి త్వరగా దొరుకుతుంది.

ఈ రంగం మన దగ్గర మొదలైన తీరులోనే దీనికి ఉదాహరణ ఉంది. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఫుల్‌బ్రైట్ ప్రొఫెసర్‌గా వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. జీతం ఇచ్చింది ఒక విదేశీ ఫెలోషిప్, సముద్రం మీదికి తీసుకెళ్లింది భారత నౌకాదళం, విద్యార్థులను ఇచ్చింది విశ్వవిద్యాలయం. సముద్ర శాస్త్రం పేరుతో ప్రత్యేక నిధి ఏదీ లేని రోజుల్లో, మూడు వేర్వేరు చోట్ల ఉన్న వనరులను ఒక పనికి కలిపారు. తూర్పు తీరానికి ఆవల సముద్రం అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అన్న పేర్లు లాఫాండ్ పరిశోధన పత్రం నుంచే వచ్చాయి. ఇవాళ విశాఖ నుంచి సముద్ర పరిశోధనలో అడుగుపెట్టే విద్యార్థి కూడా చేయాల్సింది దాదాపు అదే: ఒక చోట నుంచి నెలజీతం, మరో చోట నుంచి పడవ, ఇంకో చోట నుంచి పరికరం.

డిగ్రీ స్థాయి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఇంటర్‌లో బోర్డు మొత్తం మీద మొదటి 1 శాతంలో నిలిచినవారికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000. అర్హత ఉన్న సబ్జెక్టుల జాబితాలో జువాలజీ, బోటనీ, మైక్రోబయాలజీ, జియాలజీలతో పాటు వాతావరణ, సముద్ర శాస్త్రాలూ ఉన్నాయి. పర్యావరణ శాస్త్రం మాత్రం విడిగా కనిపించదు. అందుకే బీఎస్సీలో చేరేటప్పుడే కోర్సు పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. అంత ర్యాంకు రానివారికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్ర పథకం ఉంది. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, ఇంటర్‌లో 80వ పర్సంటైల్ దాటినవారికి డిగ్రీలో ఏడాదికి 12,000 ఇస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆంధ్రలో జ్ఞానభూమి, తెలంగాణలో ఈపాస్ ద్వారా వస్తుందన్నది అందరికీ తెలిసిందే.

అసలు ఇబ్బంది ఎమ్మెస్సీలో మొదలవుతుంది. పీహెచ్‌డీ విద్యార్థికి ఫెలోషిప్ అనే ఏర్పాటు ఉంది. ఎంటెక్‌లో గేట్ స్కోరుతో చేరితే నెలకు 12,400 వస్తుంది. ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ, ఓషనోగ్రఫీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదివేవారికి అలాంటి నెలసరి భరోసా లేదు. కానీ పరిశోధన వైపు ఎవరు వెళ్తారో, ఎవరు దాన్ని వదిలేసి వేరే ఉద్యోగం చూసుకుంటారో తేలేది ఈ రెండేళ్లలోనే. నాలుగో సెమిస్టర్ డిసర్టేషన్ కోసం వేరే ఊళ్లో నాలుగు నెలలు ఉండాలంటే అద్దె, తిండి, ప్రయాణం మొత్తం ఇంటి మీదే పడుతుంది. తీర గ్రామాల నుంచి వచ్చిన పిల్లలు, అంటే సముద్రం గురించి పుస్తకంలో లేని సంగతులు తెలిసినవాళ్లు, ఇక్కడే ఎక్కువగా జారిపోయే ప్రమాదం ఉంది. ఈ రంగానికి ఇచ్చే నిధుల అమరికలో ఉన్న పెద్ద లోపం ఇదే.

లోపాన్ని కొంత పూడ్చే పథకం ఒకటుంది, దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ. పీజీ మొదటి ఏడాదిలో రెగ్యులర్‌గా చేరినవారికి యూజీసీ ఇచ్చే ‘నేషనల్ స్కాలర్‌షిప్ ఫర్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్టడీస్’లో దేశం మొత్తానికి 10,000 స్కాలర్‌షిప్పులున్నాయి. నెలకు 15,000 చొప్పున ఏడాదికి 10 నెలలు ఇస్తారు. ఎంపిక డిగ్రీ మార్కుల మీద. ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఏమీ లేవు. చేరిన మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయాలి. రెండో ఏడాదిలో సంగతి తెలిస్తే ఉపయోగం లేదు. ఎమ్మెస్సీలో చేరిన వారం రోజుల్లో సీనియర్లు జూనియర్లకు చెప్పాల్సిన మొదటి విషయం ఇదే కావాలి.

వేసవి రెండు నెలలకైతే మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది. ఎంపికైతే దేశంలోని ఒక శాస్త్రవేత్త దగ్గర పని, స్టైపెండ్, రానుపోను ఛార్జీలు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఎన్‌ఐఓ లాంటి చోట పనిచేసే శాస్త్రవేత్తల పేర్లను ఎంచుకుని దరఖాస్తు చేయొచ్చు. ఇక హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్‌లో సముద్ర సమాచార శిక్షణకు అంతర్జాతీయ కేంద్రమే ఉంది. అక్కడ జరిగే స్వల్పకాలిక కోర్సులు తెలుగు విద్యార్థులకు గడప ముందున్నట్టే లెక్క. ఇక్కడ నేర్చుకున్న డేటా పని తర్వాత ప్రాజెక్టు ఇంటర్వ్యూల్లో అక్కరకొస్తుంది.

డేటా సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పడవ లేకుండా, పైసా ఖర్చు లేకుండా చేయగలిగిన సముద్ర పరిశోధన ఇవాళ చాలా ఉంది. ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4,000 ఆర్గో ఫ్లోట్లు అనే పరికరాలు తేలుతూ, పదేసి రోజులకోసారి 2,000 మీటర్ల లోతు దాకా మునిగి లేచి, ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి ఉపగ్రహానికి పంపుతున్నాయి. హిందూ మహాసముద్రానికి సంబంధించిన ఆర్గో ప్రాంతీయ డేటా కేంద్రం ఇన్‌కాయిసే. ఆ డేటా ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. యూరప్ వారి కోపర్నికస్ భూ పరిశీలన కార్యక్రమం డేటా కూడా అంతే. బంగాళాఖాతంలో ఒక తుపానుకు ముందు, తర్వాత పై పొర నీటి ఉప్పదనం ఎలా మారిందో ల్యాప్‌టాప్ మీద చూపించగలిగిన ఎమ్మెస్సీ విద్యార్థి, చేతిలో డబ్బు లేకపోయినా పని చేయగలనని రుజువు చూపించినట్టే. నిధులిచ్చేవారు మొదట అడిగేది ఆ రుజువే.

ఎమ్మెస్సీ తర్వాత ప్రధాన ద్వారం నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. ఇక్కడ ఏ పేపరు రాయాలన్నది చిన్న నిర్ణయం కాదు. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో ‘భూమి, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాలు’ అన్న పేపరు ఓషనోగ్రఫీ, మెటియరాలజీ, జియాలజీ వారికి సరిపోతుంది. మెరైన్ బయాలజీ వారు లైఫ్ సైన్సెస్ రాస్తారు. పర్యావరణ శాస్త్రం వారికి యూజీసీ నెట్‌లో విడిగా సబ్జెక్టు ఉంది. గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరు వచ్చింది. ఎకాలజీ వారికి ఇంకో పేపరు ఉంది. లైఫ్ సైన్సెస్ పేపరుకు వచ్చేవారి సంఖ్య ఎక్కువ. మాలిక్యులర్ బయాలజీ, బయోకెమిస్ట్రీ బాగా చదివినవారితో అక్కడ పోటీ పడాలి. చేపల మీదో పగడాల మీదో ఇష్టంతో వచ్చిన విద్యార్థి ఆ పేపరు కోసం రెండేళ్లు తన సబ్జెక్టును పక్కన పెట్టాల్సి వస్తుంది. అది బాధాకరమే అయినా, జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) చేతికొస్తే గైడ్‌ను, అంశాన్ని ఎంచుకునే స్వేచ్ఛ దానితోనే వస్తుంది.

2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) 42,000. హాస్టల్ ఇవ్వకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. అది నగరాన్ని బట్టి మారుతుంది, హైదరాబాద్ ఒక తరగతి, విశాఖపట్నం దాని కింది తరగతి. ఇక్కడ ఒక జాగ్రత్త. 2024 నుంచి యూజీసీ నెట్ ఫలితాలను మూడు వర్గాలుగా ఇస్తున్నారు: జేఆర్ఎఫ్‌తో సహా అన్నిటికీ అర్హులు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కూ పీహెచ్‌డీకీ అర్హులు, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హులు. మూడో వర్గంలో వచ్చినవారు ‘నెట్ వచ్చింది’ అని సంబరపడి చేరితే, ఆ అర్హతతో ఫెలోషిప్ రాదని తర్వాత తెలుస్తుంది.

నెట్ లేకుండా పీహెచ్‌డీలో చేరితే ఎక్కడ చేరామన్నదాన్ని బట్టి రాత మారిపోతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం లాంటి కేంద్రీయ వర్సిటీలో నాన్-నెట్ ఫెలోషిప్ కింద నెలకు 8,000 ఇస్తారు. అది చాలదు, ఏళ్ల తరబడి పెంచలేదు కూడా. అయినా ఎంతో కొంత. రాష్ట్ర వర్సిటీ స్కాలర్‌కు ఆ పథకం వర్తించదు. ఒకే పని, ఒకే నాణ్యత, ఒకే సముద్రం. పరిశోధకుడు కట్టిన అడ్మిషన్ ఫీజు రసీదు మీద ఏ వర్సిటీ ముద్ర ఉందన్నదే తేడా. దేశంలో సముద్ర శాస్త్రానికి పునాది వేసిన వర్సిటీ రాష్ట్ర వర్సిటీయే అయినప్పుడు ఈ తేడాను సమర్థించడం కష్టం. ఎస్టీ విద్యార్థులకు ఏటా 750, ఓబీసీలకు 1,000 జాతీయ ఫెలోషిప్పులు, ఎస్సీలకు విడిగా మరో పథకం ఉన్నాయి. వీటిలో ఎస్సీ, ఓబీసీ ఫెలోషిప్పులకు ఎంపిక నెట్ ద్వారానే. ఇవి రాష్ట్ర వర్సిటీల స్కాలర్లకూ దక్కుతాయి కాబట్టి అర్హులు వీటిని వదులుకోకూడదు.

ఇన్‌స్పైర్ ఫెలోషిప్ మరో దారి. పీజీలో తమ సబ్జెక్టులో వర్సిటీ మొదటి ర్యాంకు వచ్చినవారు దీనికి దరఖాస్తు చేయొచ్చు. నెట్ అవసరం లేదు, మొత్తం మాత్రం జేఆర్ఎఫ్‌తో సమానం. కెమిస్ట్రీలో వందల మంది మధ్య మొదటి ర్యాంకు తెచ్చుకోవడం వేరు, ఇరవై మంది ఉన్న మెరైన్ సైన్స్ విభాగంలో తెచ్చుకోవడం వేరు. చిన్న విభాగంలో చదువుతున్నామని చిన్నబుచ్చుకునే విద్యార్థులకు ఇది అనుకూలమైన అంశం. ఏ సబ్జెక్టును ఎలా లెక్కేస్తారో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

ఇక అన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చే దారి, ఎక్కువ మంది నిజంగా లోపలికి వెళ్లే దారి ప్రాజెక్టు ఉద్యోగాలది. ఒక శాస్త్రవేత్తకు ప్రభుత్వ ప్రాజెక్టు మంజూరైతే, అందులో ప్రాజెక్టు అసోసియేట్‌కో జేఆర్ఎఫ్‌కో జీతం కేటాయిస్తారు. ఆ పోస్టుకు ప్రకటన పత్రికల్లో కనిపించకపోవచ్చు. సంస్థ వెబ్‌సైట్‌లో ‘రిక్రూట్‌మెంట్’ పేజీలో రెండు పేజీల పీడీఎఫ్‌గా పెడతారు, రెండు మూడు వారాల్లో వాక్-ఇన్ ఇంటర్వ్యూ. నెట్ లేదా గేట్ ఉంటే జీతం ఎక్కువ, లేకపోతే తక్కువ. ప్రాజెక్టు ఎన్నాళ్లుంటే ఉద్యోగం అన్నాళ్లే. తెలుగు నేల మీద చూడాల్సిన పేజీలు చాలానే ఉన్నాయి: హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్, రిమోట్ సెన్సింగ్ సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ, పర్యావరణ ఇంజినీరింగ్ సంస్థ నీరి జోనల్ కేంద్రం, ఐఐటీ, విశాఖలో ఎన్‌ఐఓ, సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ, మత్స్య సాంకేతిక సంస్థ సిఫ్ట్ ప్రాంతీయ కేంద్రాలు, నౌకాదళ అవసరాల కోసం పనిచేసే ఎన్ఎస్‌టీఎల్, కాకినాడలో మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్ఈ కేంద్రం. కాస్త దూరం వెళ్లగలిగితే చెన్నైలో సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ, తీర పరిశోధన కేంద్రం. గోవాలో ధ్రువ పరిశోధన కేంద్రం. కొచ్చిలో సముద్ర జీవ వనరుల కేంద్రం. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ తన సంస్థలన్నిటికీ కలిపి రీసెర్చ్ ఫెలోల నోటిఫికేషన్‌ను పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ ఐఐటీఎం ద్వారా ఇస్తుంటుంది. దాన్ని విడిగా గమనించాలి.

ప్రాజెక్టు పోస్టులో చేరేముందు అడగాల్సినవి రెండున్నాయి, మొహమాటపడకుండా అడగాలి. ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుంది? పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఎక్కడ, ఎప్పుడు? ఇన్‌కాయిస్ లాంటి సంస్థలు సొంతంగా డిగ్రీ ఇవ్వవు, ఏదో ఒక వర్సిటీలో రిజిస్టర్ కావాలి. మూడేళ్ల ప్రాజెక్టులో ఏడాదిన్నర గడిచాక చేరి, రిజిస్ట్రేషన్‌కు ఇంకో ఏడాది పడితే, డేటా చేతికొచ్చే వేళకు జీతం ఆగిపోతుంది. సగంలో ఆగిన పీహెచ్‌డీల వెనక తరచూ ఈ లెక్కే ఉంటుంది. ఫెలోషిప్ డబ్బు నెలనెలా ఠంచనుగా రాదన్నది కూడా ముందే తెలిసి ఉండాలి. వినియోగ ధ్రువపత్రం కదలక, తదుపరి విడత రాక, మూడు నాలుగు నెలలది ఒకేసారి జమ కావడం మామూలే. ఆ నెలలు గడవడానికి కొంత పక్కన పెట్టుకోలేని కుటుంబాల నుంచి వచ్చినవారికి ఇది చిన్న కష్టం కాదు.

జీతం కుదిరాక రెండో ప్రశ్న క్షేత్ర ఖర్చు. సీఎస్ఐఆర్ ఫెలోషిప్‌తో వచ్చే కంటింజెన్సీ, అంటే పరిశోధన చిల్లర ఖర్చుల మొత్తం, ఏడాదికి 20,000. గది లోపల కూర్చుని చేసే పనికి అది సరిపోవచ్చు. సముద్రం పనికి సరిపోదు. సాగర్ నిధి, సింధు సాధన లాంటి పరిశోధన నౌకల్లో చోటు డబ్బుతో కొనుక్కునేది కాదు, గైడ్ ప్రాజెక్టు ద్వారానే దొరుకుతుంది. కాబట్టి ఓడ ఎక్కే ఉద్దేశం ఉంటే ఓడ సమయం ఉన్న గైడ్‌ను ఎంచుకోవాలి. తీరంలో, మొగల్లో, మడ అడవుల్లో చేసే పనికి మాత్రం విద్యార్థి తన పేరు మీదే చిన్న గ్రాంట్లు తెచ్చుకోగలడు. బ్రిటన్‌లోని రఫర్డ్ ఫౌండేషన్ వర్ధమాన దేశాల్లో ప్రకృతి సంరక్షణ పనికి చిన్న గ్రాంట్లు ఇస్తుంది. మన దేశంలో ఇన్‌లాక్స్ ఫౌండేషన్ రవి శంకరన్ పేరిట వన్యప్రాణి సంరక్షకులకు సాయం చేస్తుంది. కన్సర్వేషన్ లీడర్‌షిప్ ప్రోగ్రామ్ ఒంటరి దరఖాస్తులు తీసుకోదు, కనీసం ముగ్గురి జట్టు కావాలి. పరికరాలు మాత్రమే ఇచ్చే ఐడియా వైల్డ్ లాంటి సంస్థలూ ఉన్నాయి. రఫర్డ్ ట్యూషన్ ఫీజుకు గానీ, సదస్సులకు గానీ, కేవలం అకడమిక్ పరిశోధనకు గానీ ఇవ్వదు. థీసిస్‌లో ఒక అధ్యాయాన్ని సంరక్షణ పనిగా మలిచి చూపగలిగినవారికే అది పనికొస్తుంది.

దరఖాస్తు ఎక్కడ తేలిపోతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ‘కోరింగ మడ అడవుల్లో ప్లాస్టిక్ కాలుష్యంపై సమగ్ర అధ్యయనం’ అన్న శీర్షిక చదివే సమీక్షకుడికి ఏమీ చెప్పదు. అదే విద్యార్థి ఇలా రాస్తే: ‘గౌతమి గోదావరి వరద తీసిన తర్వాత కోరింగ పాయల బురదలో మైక్రోప్లాస్టిక్ పెరుగుతోందా? మూడు పాయల్లో, వరదకు ముందు, తర్వాత, ఒక్కో చోట అయిదేసి నమూనాలు’ – ఇందులో ప్రశ్న, స్థలం, కాలం, పని పరిమాణం అన్నీ ఉన్నాయి. బడ్జెట్ దానంతట అదే తయారవుతుంది. పడవ అద్దె, డీజిల్ రోజు లెక్కన. పాటు సమయంలో చిన్న పాయల్లో పడవ నడవదు కాబట్టి పోటు లెక్క చూసుకుని రోజులు వేయాలి, అంటే ఒక రోజు పని రెండు రోజులవుతుంది. బురదలోంచి ప్లాస్టిక్‌ను తేల్చడానికి ఉప్పు ద్రావణం, వడపోత కాగితాలు, గాజు సామాను. ఆ ముక్కలు ఏ ప్లాస్టిక్కో తేల్చే ఎఫ్‌టీఐఆర్ పరీక్షకు బయటి లాబ్‌లో నమూనాకు ఇంత అని రుసుము. పడవ నడిపే మత్స్యకారుడికి కూలి విడిగా. చాలా మంది దీన్ని రాయడం మరిచిపోతారు, తీరా సమయానికి ఆయన శ్రమను ఉచితంగా వాడుకుంటారు. అది అన్యాయం.

కోరింగ 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి లేకుండా గుప్పెడు బురద కూడా తీయకూడదు. ఆ అనుమతికి నెలలు పడుతుంది. గ్రాంటు వచ్చాక అనుమతికి పెట్టుకుంటే వరద వచ్చి వెళ్లిపోతుంది, ఏడాది పోతుంది. దరఖాస్తుతో పాటే అనుమతికి పెట్టుకున్న రసీదు జత చేయగలిగితే, ఈ అభ్యర్థికి పని తెలుసన్న నమ్మకం సమీక్షకుడికి వెంటనే కలుగుతుంది.

విదేశీ చదువుల విషయానికొస్తే ముందు ఎమ్మెస్సీని, పీహెచ్‌డీని వేరుగా చూడాలి. యూరప్‌లోని పలు దేశాల్లో పీహెచ్‌డీ అంటే జీతం ఉన్న ఉద్యోగం, అమెరికాలో టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌తో ఫీజు మాఫీ. దాని కోసం స్కాలర్‌షిప్ వెతకడం కన్నా ఖాళీ పోస్టు వెతకడం మేలు. మాస్టర్స్‌కు యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ ఇప్పటికీ మంచి అవకాశం. ఫీజు లేదు, నెలకు 1,400 యూరోలు, రెండేళ్లు. ఘెంట్ విశ్వవిద్యాలయం సమన్వయం చేసే ఐఎంబీఆర్‌సీ అనే సముద్ర జీవ వనరుల కోర్సు ఈ పద్ధతిలో నడిచినదే. అయితే ఇందులో ఒక నిబంధన ఉంది: ఒక్కో కోర్సు ఇచ్చే మొత్తం స్కాలర్‌షిప్పుల్లో ఒకే దేశం వారికి 10 శాతం మించి ఇవ్వకూడదు. భారతీయ విద్యార్థి పోటీ పడేది ప్రధానంగా తోటి భారతీయులతోనే. మార్కులు దాదాపు అందరికీ ఉంటాయి. ఆర్గో డేటాతో చేసిన డిసర్టేషనో, మత్స్యకార గ్రామంలో చేసిన పనో ఉన్న దరఖాస్తు అక్కడ విడిగా కనిపిస్తుంది.

జర్మనీలో ఎక్కువ ప్రభుత్వ వర్సిటీల్లో ఫీజు లేదు. రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉన్నవారికి ఆ దేశపు విద్యా వినిమయ సంస్థ డాడ్ అభివృద్ధి సంబంధిత కోర్సులకు స్కాలర్‌షిప్ ఇస్తుంది. బ్రెమెన్‌లోని ఉష్ణమండల జలావరణ కోర్సు ఈ కోవకు చెందినది. సముద్ర పరిశీలనలో శిక్షణ కోసం పోగో అనే అంతర్జాతీయ సంస్థ, నిప్పాన్ ఫౌండేషన్ సాయంతో ఏటా సుమారు పది మందిని జర్మనీలోని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థకు 10 నెలల పాటు పంపుతూ వచ్చింది. వర్ధమాన దేశాల యువ శాస్త్రవేత్తలు మరో దేశపు లాబ్‌లో మూడు నెలల లోపు పనిచేసే ఫెలోషిప్పునూ స్కోర్ అనే అంతర్జాతీయ సముద్ర పరిశోధన సంఘంతో కలిసి ఇస్తుంది. మన దేశంలో పీహెచ్‌డీ చేస్తూనే అమెరికాలో 6 నుంచి 9 నెలలు గడిపే అవకాశం ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్‌ది. 1952లో వాల్తేరుకు గురువును పంపిన సంస్థే ఇప్పుడు అటునుంచి విద్యార్థిని పిలుస్తోంది.

ప్రభుత్వ విదేశీ విద్యా పథకాల్లో తెలంగాణది స్పష్టంగా ఉంది. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి పథకం, ఒక్కొక్కరికి 20 లక్షల దాకా. ప్యూర్ సైన్సెస్ కూడా అర్హత జాబితాలో ఉంది. అయితే డబ్బు రెండు విడతల్లో, మొదటిది ఆ దేశంలో దిగాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత ఇస్తారు. వీసాకు చూపాల్సిన నిల్వ, మొదటి ఫీజు, విమాన టికెట్ ముందే సమకూర్చుకోవాలి. అంటే బ్యాంకు రుణం ఎలాగూ తప్పదు, ఈ సాయం దాన్ని తీర్చడానికే పనికొస్తుంది. ఆంధ్రలో విదేశీ విద్య పథకం ప్రభుత్వంతో పాటు పేరు, నిబంధనలు మారుతూ వచ్చింది. తాజా జీవో చదవకుండా పాత వార్తను నమ్ముకోవద్దు. కేంద్రం ఎస్సీలకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు ఆదాయ పరిమితి 8 లక్షలు. ఫీజుతో పాటు ఏటా నిర్వహణ ఖర్చు కూడా ఇస్తారు కాబట్టి రాష్ట్ర పథకం కన్నా ఇది నిండైన సాయం.

పెళ్లి, పిల్లలు, బదిలీల వల్ల పరిశోధన ఆపేసిన మహిళలకు శాస్త్ర సాంకేతిక శాఖ వైజ్-కిరణ్ పథకం కింద పీహెచ్‌డీకీ, ఆ తర్వాతి పరిశోధనకూ ఫెలోషిప్పులు ఇస్తోంది. వయసు దాటిపోయిందని నెట్ ఆశ వదిలేసుకున్నవారు దీన్ని తప్పక చూడాలి.

తేదీల విషయం. అక్టోబరు నుంచి జనవరి దాకా అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి: ఎరాస్మస్ కోర్సులు, అకాడమీల వేసవి ఫెలోషిప్, పీజీ స్కాలర్‌షిప్, డిసెంబరు నెట్. సిఫార్సు లేఖలు రాయాల్సిన గురువులకు అదే సెమిస్టర్ పరీక్షల కాలం. ఆగస్టులోనే వారికి తమ పని గురించి ఒక పేజీ రాసి ఇచ్చి, ఏ తేదీకి ఏది కావాలో చెప్పి ఉంచాలి. గురువు లేఖలో ‘శ్రద్ధగల విద్యార్థి’ అని మాత్రమే ఉంటే ఉపయోగం లేదు, ఏ నమూనా ఎలా సేకరించాడో, ఏ లెక్కలో తప్పు తానే పట్టుకున్నాడో ఉండాలి. ఆ వివరాలు గురువుకు గుర్తుచేయాల్సింది విద్యార్థే. ప్రాసెసింగ్ ఫీజు కడితే స్కాలర్‌షిప్ ఇప్పిస్తామనే ఏజెంట్ల దగ్గరికి వెళ్లనక్కర్లేదు. పైన చెప్పిన పథకాలన్నిటికీ దరఖాస్తు నేరుగా చేసుకునేదే.

మన పిల్లలకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేర్లది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఆధార్‌లో మూడో రకంగా ఉంటుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఆధార్ సరిపోకపోతే దరఖాస్తు ముందుకు కదలదు, విదేశీ వర్సిటీ ఇద్దరు వేర్వేరు మనుషులనుకుంటుంది. ఆదాయ ధ్రువపత్రం కూడా ఆ ఆర్థిక సంవత్సరానిదే అడుగుతారు, పాతది చెల్లదంటారు. మీసేవలోనో సచివాలయంలోనో వీటిని సరిచేయించుకునే పని ఎండాకాలం సెలవుల్లో పెట్టుకుంటే, అక్టోబరులో నోటిఫికేషన్ వచ్చినప్పుడు ప్రతిపాదన రాసుకోవడానికి సమయం మిగులుతుంది.